మాస్టోడాన్‌లో చేరాను, హోమ్ అంతా ఖాళీగా ఉంది. దారి చెప్పండి

కడియం మొక్కలు:
అందరికీ నమస్కారం. మాది కడియపులంక, చిన్న నర్సరీ. ఇదివరకు వేరే చోట ఆరేళ్ళు పేజీ నడిపాను. ఒకరోజు పొద్దున్న లేచి చూస్తే పేజీ లేదు. ఎందుకు తీసేశారో చెప్పలేదు, అడిగితే జవాబూ లేదు. అప్పుడు మా మేనల్లుడు "ఎవరి చేతిలోనూ లేని సోషల్ మీడియా ఒకటుంది మావయ్యా, అందులోకి రా" అని ఫోన్‌లో మాస్టోడాన్ పెట్టి, మర్నాడే హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా తిప్పలు వినండి. హోమ్ తెరిస్తే ఖాళీ. వాడి పేరు కొట్టి వెతికితే దొరకలేదు. ఫోన్ చేస్తే ఏదో పొడుగాటి అడ్రస్ చెప్పాడు. అది కొడితే దొరికాడు గానీ, రెండు వందల పోస్టులు పెట్టానంటాడు, నాకు ఒక్కటీ కనపడదు. మందార మొక్కల ఫొటోలు నాలుగు పెట్టాను. మూడు రోజులైంది, పలికిన నాథుడు లేడు. నేనేమన్నా తప్పు నొక్కానా?

వైనతేయ:
తప్పేం నొక్కలేదండి. 2022 అక్టోబరు చివర్లో ట్విట్టర్ చేతులు మారాక, నవంబరులో వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకూ మొదటి వారం ఇంతే. నాతో వచ్చిన నలుగురు "ఇక్కడెవరూ లేరు" అని పది రోజుల్లో వెళ్ళిపోయారు. జనం ఉన్నారు, మా తూములే మూసి ఉన్నాయి.

మీకు కాలువ భాషలో చెప్తే సులువు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారు, కాలువ నిండా ఉన్నాయి. మీ బోదె తూము ఎత్తకపోతే చేలోకి చుక్క రాదు. ఇక్కడ తూము ఎత్తడమంటే ఫాలో అవడం. పాత చోట మీరు ఎత్తినా ఎత్తకపోయినా యంత్రం తనకు నచ్చిన నీళ్ళు తోసేది. ఇక్కడ హోమ్‌లోకి మీరు ఫాలో అయినవాళ్ళు పెట్టినవీ, పంచినవీ వచ్చిన వరసలో వస్తాయి. కాబట్టి ముందు ఓ ముప్ఫై నలభై మందిని ఫాలో అవండి. నచ్చకపోతే తర్వాత తీసేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మేనల్లుడి పాత పోస్టుల సంగతీ అంతే. మాస్టోడాన్ అంటే ఒకే చోటు కాదు, ఎవరికి వారు నడుపుకునే చాలా సర్వర్లు. మీ ఖాతా ఒకదాంట్లో, అతనిది ఇంకోదాంట్లో ఉంది. మీ సర్వర్‌లో ఎవరూ అతన్ని ఫాలో అవకముందు పెట్టినవి మామూలుగా మీ సర్వర్‌కు చేరవు. తూము ఎత్తకముందు పారిపోయిన నీళ్ళు వెనక్కి రావు కదా. పాతవి చూడాలంటే అతని ప్రొఫైల్‌ను బ్రౌజర్‌లో, అతని సర్వర్ మీదే తెరవండి, అందరికీ కనపడేలా పెట్టినవన్నీ ఉంటాయి.

కడియం మొక్కలు:
ఇది బుర్రకెక్కింది. మరి పేరుతో వెతికితే ఎందుకు దొరకలేదు? అంత పొడుగు అడ్రస్ దేనికి?

వైనతేయ:
కొత్తపేట వెళ్తున్నానని ఎవరైనా అంటే మీరేమడుగుతారు? ఏ కొత్తపేట, రావులపాలెం పక్కదా, విజయవాడదా అని. ఇదీ అంతే. ఒకే పేరు వంద సర్వర్లలో వందమంది పెట్టుకోవచ్చు. అందుకే ఎట్ గుర్తు, పేరు, మళ్ళీ ఎట్ గుర్తు, సర్వర్ పేరు, ఇవన్నీ కలిస్తేనే పూర్తి అడ్రస్. అవతలి సర్వర్‌లో ఉన్న మనిషి మీ సర్వర్‌కు ఇంకా తెలియకపోతే, పూర్తి అడ్రస్ కొడితేనే వెళ్ళి వెతికి తెస్తుంది.

ఇంకోటి, మీ మేనల్లుడి మాట కాస్త దిద్దాలి. ఎవరి చేతిలోనూ లేనిది కాదిది, చాలామంది చేతుల్లో ఉన్నది. మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌ను 2016లో జర్మనీలో యూజెన్ రోచ్‌కో మొదలుపెట్టాడు. దాన్ని ఎవరైనా తీసుకుని సొంత సర్వర్ నడుపుకోవచ్చు. ప్రతి సర్వర్‌కూ ఒక యజమాని, కొన్ని నియమాలు ఉంటాయి. అతను మీ ఖాతా తీసేయగలడు, చేతిలో డబ్బుల్లేక సర్వరే మూసేయగలడు. తేడా ఏంటంటే, ఇక్కడ మీకు మూటాముల్లె సర్దుకుని ఊరు మారే దారి ఉంది. సర్వర్ పరిచయం పేజీలో ఎవరు నడుపుతున్నారో, నియమాలేంటో ఉంటుంది, ఓసారి చదవండి.

లాకుల రేవు:
మధ్యలో వస్తున్నాను. మొక్కల ఫొటోలు ఎవరూ చూడకపోవడానికి అసలు కారణం ఇంకా ఎవరూ చెప్పలేదు. అన్నయ్యా, మీ సర్వర్‌లో ఎంతమంది ఉన్నారు?

కడియం మొక్కలు:
మేనల్లుడి స్నేహితుడిదట. పదకొండు మంది.

లాకుల రేవు:
అదీ సంగతి. మీకు ఫాలోవర్లు లేరు కాబట్టి మీ పోస్టు ఆ పదకొండు మంది గడప దాటలేదు. హ్యాష్‌ట్యాగ్ పెట్టినా మామూలుగా అంతే, పోస్టు చేరని సర్వర్‌లో దాన్ని వెతికినా రాదు. ఎవరైనా ఫాలో అయితే వాళ్ళ సర్వర్‌కు వెళ్తుంది. ఎవరైనా బూస్ట్ చేస్తే, అంటే మళ్ళీ పంచితే, వాళ్ళ ఫాలోవర్లకు వెళ్తుంది. ఇష్టం గుర్తు నొక్కితే పెట్టినవాళ్ళకు సంతోషమే తప్ప పోస్టు ఇంకొకరి హోమ్‌కు చేరదు. అందుకే కొత్తవాళ్ళకు నేనైతే పెద్ద సర్వరే చెప్తాను. అక్కడికి ఇప్పటికే నాలుగు దిక్కుల నుంచీ పోస్టులు వస్తుంటాయి, వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది.

వైనతేయ:
నేను ఒప్పుకోను. పెద్ద సర్వర్‌లో ఫిర్యాదు చేస్తే ఎవరు చూస్తారో తెలియదు. మధ్యరకం మంచిది. కొన్ని వందల మంది, పలకరిస్తే పలికే యజమాని. కానీ పదకొండు మందిది మాత్రం కొత్తవాళ్ళకు కాదు, ఇది నిజమే.

భీమవరం అమ్మాయి:
ఫిర్యాదు అన్నారు కాబట్టి నా అనుభవం. ఒకడు తెలుగులో బూతులు రాస్తే రిపోర్ట్ కొట్టాను. మా సర్వర్ నడిపేవాళ్ళకు తెలుగు రాదు, ఏమీ చెయ్యలేదు. రెండోసారి ఆ మాటల అర్థం ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి పంపితే గంటలో తీసేశారు. అవతలివాడిది వేరే సర్వర్ అయితే, రిపోర్ట్‌ను ఆ సర్వర్‌కు కూడా పంపే ఆప్షన్ వస్తుంది, ఆన్ చెయ్యండి.

ఇంకో మాట. ప్రైవేట్‌గా పంపే మెసేజ్‌లు తాళం వేసినవి కావు. సర్వర్ నడిపేవాళ్ళు చూడగలరు. మాటల్లో మూడో మనిషి అడ్రస్ రాశామా, అది వాళ్ళకూ వెళ్ళిపోతుంది. మా ఫ్రెండ్ ఒకావిడ మీద చాడీ చెప్తూ ఆవిడ అడ్రస్సే పెట్టింది, ఇంకేముంది. మీరు వ్యాపారం చేస్తారు కాబట్టి బ్యాంకు వివరాలు అక్కడ మాట్లాడకండి మావయ్య గారూ.

కడియం మొక్కలు:
అలాగేనమ్మా. అయితే సర్వర్ మారాలంటే మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలా?

లాకుల రేవు:
అక్కర్లేదు. కొత్త చోట ఖాతా తెరిచి, అక్కడ సెట్టింగ్స్‌లో పాత అడ్రస్ మీదేనని చెప్పాలి. తర్వాత పాత ఖాతాలోకి వెళ్ళి, కొత్త చోటికి మారుతున్నానని నొక్కాలి. మీ ఫాలోవర్లు వాళ్ళంతట వాళ్ళే కొత్త చోటికి వచ్చేస్తారు. మీరు ఫాలో అవుతున్నవాళ్ళ జాబితాను మాత్రం ఫైలుగా దించుకుని కొత్త చోట ఎక్కించుకోవాలి. పోస్టులు రావు, పాత చోటే ఉండిపోతాయి. మీవి నాలుగే కాబట్టి నష్టం లేదు. ఒకసారి మారాక 30 రోజుల దాకా మళ్ళీ మారనివ్వదు, అందుకని ఆలోచించుకుని మారండి. మారినా మారకపోయినా ఆ జాబితా ఫైలు నెలకోసారి దించి పెట్టుకోండి. సర్వర్ ఉన్నట్టుండి పోతే చేతిలో మిగిలేది అదే.

వైనతేయ:
ఇక పోస్టు పెట్టేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. భాష దగ్గర తెలుగు ఎంచుకోండి, తెలుగు పోస్టులే చూసేవాళ్ళకు అప్పుడే కనపడతారు. హ్యాష్‌ట్యాగ్ తెలుగు అక్షరాల్లో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి పెట్టండి. పోస్టులోని మామూలు మాటలతో వెతుకులాట 2023 నుంచే ఉంది, అదీ ఆ సర్వర్ పెట్టుకుంటే, రాసినవాళ్ళు ఒప్పుకుంటే. హ్యాష్‌ట్యాగే దిక్కు. ఫొటో కింద వివరణ రాసే చోటుంటుంది, చూపు లేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపిస్తుంది. "సంచిలో రెండడుగుల ముద్ద మందారం, మూడు మొగ్గలు" అని రాస్తే చాలు. ఇక్కడ చాలామంది అది లేని ఫొటోను బూస్ట్ చెయ్యరు.

ఫొటోలే ముఖ్యమైతే పిక్సెల్‌ఫెడ్ అని ఇంకోటుంది. రెండూ మాట్లాడుకునేది యాక్టివిటీపబ్ అనే ఒకే పద్ధతిలో, అది 2018లో వెబ్ ప్రమాణమైంది. అందుకే మాస్టోడాన్‌లో కూర్చుని పిక్సెల్‌ఫెడ్ మనిషిని ఫాలో అవొచ్చు. బ్లూస్కై అనే ఇంకో సోషల్ మీడియాది వేరే పద్ధతి, దీంతో కలపకండి.

కడియం మొక్కలు:
ఆయ్, నాలుగు రోజుల తర్వాత వచ్చాను. మధ్యరకం సర్వర్‌కు మారాను. నలభై మందిని పట్టాను, అందులో మొక్కలవాళ్ళే పాతిక మంది. నిన్న కాగితపు పూల మొక్క ఫొటోకు వివరణ రాసి పెడితే, కేరళ నుంచి ఒకాయన అంటు ఎలా కడతారని అడిగాడు. అందరూ ఫాలో అవ్వండి, కడియం మొక్కలు అని కొట్టండి చాలు.

భీమవరం అమ్మాయి:
ఏ కొత్తపేటండీ మావయ్య గారూ?

కడియం మొక్కలు:
అయ్యో, మర్చిపోయానమ్మా. ఉండు, పూర్తి అడ్రస్ రాస్తాను.