అరబిక్ నేర్చుకోవాలనుంది: గుంటూరు, విజయవాడ వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

మిర్చియార్డు_గుంటూరు:
మాది ఎండుమిర్చి ఎగుమతి. దుబాయ్, జెద్దా పార్టీలతో మాటలన్నీ మధ్యవర్తి చేతుల్లోనే ఉంటున్నాయి. నేరుగా నేనే మాట్లాడాలని ఉంది. ఇక్కడ మంచి కోచింగ్ ఉందా? లిపి లేకుండా మాట వస్తుందా? ఎన్నాళ్లు పడుతుంది?

కువైట్_రిటర్న్:
లిపి జోలికి పోవద్దన్నా. కువైట్‌లో ఇంటి డ్రైవర్‌గా చేశాను, మొదటి అక్షరం అలిఫ్ కూడా రాదు. పిల్లల్ని స్కూల్లో దింపి తెచ్చేటప్పుడు వాళ్లే నేర్పారు. శ్లోనక్ అంటే ఎలా ఉన్నావు, అబీ మాయ్ అంటే నీళ్లు కావాలి. మాట ఉంటే బతికిపోతాం. నన్ను పంపిన ఏజెంటు అరబిక్ కాగితం మీద సంతకం పెట్టించాడు. నోటితో చెప్పిన జీతం ఒకటి, అందులో రాసింది ఇంకొకటి. ఇప్పటికీ కడుపు మండుతుంది.

పటమట_అనువాదకుడు:
నేను హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో అరబిక్ చదివాను, అనువాదమే నా వృత్తి. కాబట్టి తెలిసే చెబుతున్నాను: ముందు ఫుస్‌హా, అంటే రాత భాష నేర్చుకోండి. ఒప్పందాలు, వార్తలు, ఆఫీసు ఉత్తరాలు అన్నీ అందులోనే. వీధి మాట దేశానికొకటి. మీ శ్లోనక్‌ను ఈజిప్టులో ఇజ్జయ్యక్ అంటారు, అక్కడ జీమ్ అనే జ అక్షరాన్ని గ అని పలుకుతారు. ఐక్యరాజ్యసమితి 1973లో అధికార భాషగా తీసుకున్నదీ ఫుస్‌హానే. ఎన్నాళ్లంటారా, అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులకు సుమారు 2200 క్లాసు గంటలు లెక్క వేస్తుంది.

కువైట్_రిటర్న్:
2200 గంటలు కూర్చుంటే మిర్చి ఎవడు అమ్ముతాడు సార్? ఫుస్‌హాలో బేరమాడే మనిషిని నేను సూక్‌లో, అంటే బజార్లో, ఒక్కణ్నీ చూడలేదు. డిగ్రీ వేరు, బతుకుతెరువు వేరు.

పటమట_అనువాదకుడు:
డిగ్రీని తక్కువ చేసి మాట్లాడకండి. లిపి వచ్చుంటే ఆ సంతకం పెట్టేవారా మీరు?

కువైట్_రిటర్న్:
ఇంట్లో అప్పులుండి, రేపు ఫ్లైటనగా చేతిలో పెట్టిన కాగితమది. చదవడం వచ్చినా పెట్టేవాణ్నే. తెలియకుండా మాట్లాడకండి.

రియాద్_స్టాఫ్‌నర్స్:
గొడవ ఆపండి ప్లీజ్. నర్సింగ్ అమ్మాయిలు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నా. లైసెన్సు పరీక్ష ఇంగ్లీషులోనే, అరబిక్ ఎవరూ అడగరు. కానీ వార్డులో పెద్దావిడ చెయ్యి పట్టుకుని బాధ చెప్పుకుంటుంటే ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదు. వేన్ యూజఅక్, అంటే ఎక్కడ నొప్పి, ఇది మొదటి రోజే కావాలి. ఆడవాళ్లనైతే యూజఇక్ అని అడగాలి. రెండింటికి విడిగా ద్వివచనం ఉంది: హబ్బా ఒక మాత్ర, హబ్బతేన్ రెండు మాత్రలు. ఆ చివరి ముక్క వినిపించుకోకపోతే డోసు మారిపోతుంది. అంకెలు కూడా తిరగేసి చెబుతారు, ఇరవై ఐదును ఐదూ ఇరవై అంటారు. బీపీ రాసుకునేటప్పుడు జాగ్రత్త.

వించిపేట_భాయ్:
అందరూ ఉద్యోగం, వ్యాపారం అంటున్నారు. నా ఆరాటం వేరు. చిన్నప్పుడే మదర్సాలో ఖురాన్ చదవడం నేర్పారు, తజ్వీద్‌తో, అంటే ఉచ్చారణ నియమాలతో, తప్పు లేకుండా చదువుతాను. కానీ నమాజులో నా నోటితో నేనేం అంటున్నానో అర్థమవ్వాలి కదా! అందుకే ఈ వయసులో వ్యాకరణం మొదలుపెట్టాను. రాయడం అనే అర్థమున్న క-త-బ అనే మూడు అక్షరాల ధాతువు నుంచి కితాబ్ (పుస్తకం), కాతిబ్ (రాసేవాడు), మక్తబ్ (ఆఫీసు) ఎలా పుడతాయో తెలిశాక ఒక్కో ఆయత్ (ఖురాన్ వాక్యం) దగ్గర ఆగిపోతున్నాను. నిఘంటువులో మక్తబ్‌ను మీమ్ (మ) కింద వెతికితే దొరకదు, ధాతువు మొదటి అక్షరం కాఫ్ (క) కింద చూడాలి. ఇంకో మాట, తెలుగు అక్షరాల్లో అచ్చేసిన గైడ్లు కొనకండి. అలిఫ్‌తో అలమ్ అంటే నొప్పి, గొంతులోంచి పలికే ఐన్ అక్షరంతో అలమ్ అంటే జెండా. తెలుగులో రెండూ ఒకటే అయిపోతాయి.

బ్రాడీపేట_చదువరి:
భాయ్, మీకు ఉర్దూ వచ్చు కాబట్టి సగం వచ్చినట్టే. మా సంగతి చెప్పండి.

వించిపేట_భాయ్:
ఈ మాట విని విని విసుగొచ్చింది. ఉర్దూ వ్యాకరణం హిందీదే. అరబిక్ హీబ్రూకు చుట్టం. మాకు అక్షరాలు, కొన్ని మాటలు కలిసొస్తాయి, అంతే. ఆ మాటలు మీకూ ఉన్నాయి: వకీలు, తారీఖు, జిల్లా, రైతు.

బ్రాడీపేట_చదువరి:
రైతు అచ్చ తెలుగు మాట. దాన్నీ లాగేసుకుంటారా?

పటమట_అనువాదకుడు:
భాయ్ చెప్పింది నిజం. అరబిక్‌లో రఅయ్యత్, ఫారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చి రైతు అయింది. నిఘంటువు తీసి చూడండి.

బ్రాడీపేట_చదువరి:
ఎక్కడి నుంచి వచ్చినా నాలుగు తరాలుగా మా ఇంటి మాట. నేను ఒప్పుకోను.

మిర్చియార్డు_గుంటూరు:
నేనూ రైతు బిడ్డనే, కానీ నా ప్రశ్న అది కాదు. కోచింగ్ సంగతి ఎవరైనా చెప్పండి.

కువైట్_రిటర్న్:
అనువాదకుడు గారూ, కోపం పక్కనబెట్టి ఒకటి అడుగుతున్నా. మా మేనల్లుడు వచ్చే నెల వెళ్తున్నాడు. కాగితం వచ్చింది, అంతా అరబిక్కే. ముందు ఎక్కడ చూడాలి?

పటమట_అనువాదకుడు:
కోపమేం లేదండి, ఫోటో పంపండి, చదివి పెడతాను. అబ్బాయికి మాత్రం ఈ పూటే అంకెలు నేర్పండి. రాతిబ్ అనే మాట పక్కనుండేది జీతం. భాష కుడి నుంచి ఎడమకైనా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది వాళ్ల 5. వాళ్ల సున్నా ఉత్త చుక్క. 150 దినార్లని రాస్తే మనవాళ్లు 5ను సున్నా అనుకుని, ఆ చుక్క వదిలేసి 10 అని చదువుతారు. 6 చూడ్డానికి మన 7లా ఉంటుంది.

కువైట్_రిటర్న్:
పంపాను చూడండి. రెండో పేజీలో గుండ్రాలు రెండున్నాయి.