అప్‌డేట్: హోండా జడ్50ఏ చోక్ తీసినా ఆగడం లేదు

నా హోండా జడ్50ఏ (పాత చిన్న బైకు) చోక్ వేస్తేనే స్టార్టై, తీయగానే ఆగిపోతోందని అడిగాను కదా. తప్పు ఒకచోట కాదు, రెండుచోట్ల.

పైలట్ జెట్‌లో (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు పెట్రోల్ అందించే, కార్బురేటర్‌లోని సన్న రంధ్రపు ముక్క) పాత పెట్రోల్ జిగురు గట్టిపడింది. రాత్రంతా క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో పొడిస్తే అవతలి వెలుతురు కనిపించింది. ఉక్కు సూది వద్దు, రంధ్రం పెద్దదవుతుంది.

అయినా ఐడిల్ నిలవలేదు, అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ ఆగిపోయేది. బోల్టులు అతిగా బిగించడంతో కార్బురేటర్ ఫ్లాంజ్ (ఇంజన్‌కు బిగించే చదునైన అంచు) వంగి, ఓ-రింగ్ (రబ్బరు సీలు) పక్కనుంచి గాలి లాగుతోంది. అందుకే మిశ్రమం పలచన, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. అద్దం మీద 400 నంబరు వాటర్ పేపరు పరిచి 8 ఆకారంలో రుద్దితే చదునైంది. కొత్త ఓ-రింగ్ వేశాక ఎయిర్ స్క్రూ (ఐడిల్‌లో గాలి పాళ్లు సరిచేసేది) మెల్లగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి. స్పార్క్ ఇచ్చే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.35 మి.మీ., ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.05 మి.మీ.

ట్యాంకులో తుప్పు ఇంకా ఉంది. వెనిగర్ పోసి కడిగేదాకా బయటి సీసాతోనే పెట్రోల్.