పిరికివాని ‘మదిని’ బింకమా, ‘మదికి’ బింకమా?

ఏటిగట్టు:
మేడిపండు పద్యంలో మొదటి రెండు పాదాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మూడోదాని దగ్గరే నిన్నటినుంచీ నాలుక తడబడుతోంది. ‘...వాని మదిని బింకమీలాగురా’ అన్నది వస్తోంది, దాని ముందున్న మాట రావట్లేదు. పిరికివాడా, బీదవాడా? నెట్‌లో వెతికితే దొరుకుతుందని నాకూ తెలుసు. ఇక్కడ అడిగితే ఉండే మజా వేరు.

ఎందుకు గుర్తొచ్చిందంటే, మేం శాన్ హోసేలో ఉంటాం. మావాడు హైస్కూలు. సాయంత్రమైతే బోర్డు పట్టుకుని స్కేట్ పార్కుకి పోతాడు. యూట్యూబులో ఎవరో ‘ఒక్కరోజులో కిక్‌ఫ్లిప్ (కాలితో బోర్డును గాల్లో తిప్పే ట్రిక్కు) నేర్చేసుకున్నా’ అని పెట్టిన వీడియో చూపించి ‘వీడు పోజర్ నాన్నా’ అన్నాడు. తెలుగులో ఏమంటారని అడిగితే ‘ఫోజులు కొట్టేవాడు’ అన్నాను. ‘అదీ ఇంగ్లీషే కదా’ అని నవ్వాడు. డాంబికుడు, బడాయికోరు, కోతలరాయుడు అన్నీ వరసగా చెప్పి చూశాను, ఏదీ అతకలేదు. చివరికి బింకం దగ్గర ఆగి, ఇదిగో ఇలా మీ మీద పడ్డాను.

యతిమైత్రి:
‘పిరికివాని మదిని బింకమీలాగురా.’ మీ ‘బీద’ కూడా గణాల్లో ఒదుగుతుంది. యతికీ అడ్డులేదు, బీ–బిం హాయిగా కలుస్తాయి. కనక ఇక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు, అర్థమే చెప్పాలి. బీదవాడి బింకం తప్పెలా అవుతుంది? వాడికి మిగిలేదే అది. దాన్ని పురుగుల పక్కన పెట్టేటంత కఠినుడు కాదు వేమన.

మల్లెతీగ:
పిరికి సరే మాష్టారూ. నా గొడవ దాని తర్వాతి మాటతో. ‘మదిని’ ఏమిటండీ? మేడిపండుకి మేలిమి పైన, పురుగు లోపల. ఆ లెక్కన బింకం పైన ఉండాలి, పిరికితనం మదిలో ఉండాలి. పద్యం చూస్తే బింకాన్ని తీసుకెళ్లి మదిలో కూర్చోబెట్టింది. బళ్లో చదువుకున్న నాటినుంచీ నాకిది మింగుడుపడలేదు. ‘మదికి’ అనుకోండి, పిరికివాడి మనసుకి బింకం ఒక పైపూత అని చక్కగా కుదురుతుంది. మారేది ఒక్క అక్షరం. మూడు లఘువులూ ఎక్కడివక్కడే ఉంటాయి.

యతిమైత్రి:
మన సౌకర్యం కోసం కవి పాదం దిద్దకూడదమ్మా. ‘మదిని’ సప్తమి. పిరికివాడి బింకమంతా మనసులోనే, పని దగ్గరకొచ్చేసరికి ఏమీ ఉండదు అని భావం. పండు మొత్తానికి వాడి బింకం మొత్తం పోలిక. తొక్కకి తొక్క, గుజ్జుకి గుజ్జు వెతుక్కుంటూ పోతే ఏ శతకంలోనూ ఒక్క పద్యం నిలవదు.

బ్రౌను బీరువా:
ఈ ‘ని’ మీద ప్రాణం పెట్టుకోకండి. బ్రౌను దొర 1829లో అచ్చు వేసినప్పుడు 693 పద్యాలు. 1839 కూర్పుకి వచ్చేసరికి 1164. పదేళ్లలో అన్ని పెరిగాయంటే ఎన్ని చేతులు, ఎన్ని నోళ్లు దాటి వచ్చాయో చూసుకోండి. వేమన నోట ‘ని’ పలికిందా ‘కి’ పలికిందా అని పందెం కాస్తే గెలిచేవాడుండడు.

యతిమైత్రి:
అంత నమ్మకం లేనప్పుడు ఆ బీరువా ఎందుకు మోస్తున్నారు?

గండిపేట:
ఏటిగట్టు అన్నా, మీవోడు చెప్పిన పోజర్ వేరే, మీరనుకునే ఫోజు వేరే. నేను హైదరాబాదుల బోర్డు తొక్కినోణ్ణే, గందుకే చెప్తున్న. పోజర్ అంటే గొప్పలు చెప్పుకునేటోడు కాదు. బోర్డు ఉంటది, బూట్లుంటయ్, థ్రాషర్ టీషర్ట్ ఉంటది, తొక్కుడు ఒక్కటే ఉండది. థ్రాషర్ అంటే 1981ల శాన్ ఫ్రాన్సిస్కోల మొదలైన పత్రిక. పాప్ స్టార్లు దాని టీషర్ట్ ఏసుకొని తిరుగుడు మొదలువెడితే, దాని ఎడిటర్ జేక్ ఫెల్ప్స్ అందరి ముంగటనే ఎక్కిరించిండు.

బోర్డు పట్టుకునే తీరుల్నే దొరికిపోతరు. చక్రాల నడుమ ఉండే ట్రక్కును పట్టుకొని వేలాడదీసిండంటే ‘మాల్ గ్రాబ్’ అని నవ్వుతరు. ముందటి కాలుతోని నేలను తన్నుకుంట పోతే ‘మోంగో’. కొత్తగ నేర్చుకునే పిలగాళ్లు గట్లనే చేస్తరు, పాపం, ఆళ్లకు ఎవ్వరు చెప్పిన్రు?

కిక్‌ఫ్లిప్ ఒక్కరోజుల వచ్చుడు కూడ అబద్ధమేం కాదు, కొందరికి వస్తది. ఎన్నిసార్లు బొక్కబోర్ల వడ్డడో అంత కోసేసి, సంబురపడ్డ మొకం ఒక్కటి ముంగట పెడితెనే మీవోనికి మండింది.

మల్లెతీగ:
అంటే మీవాళ్లు పొట్ట విప్పి చూస్తారన్నమాట. పురుగు ఉందా లేదా అని కాదు, పురుగును దాచాడా లేదా అని!

గండిపేట:
గదే అక్కా. థ్రాషర్‌ల ‘రఫ్ కట్’ అని ఏస్తరు. ఒక మంచి వీడియో ఎనుక ఎన్ని దెబ్బలున్నయో పచ్చిగ చూపిస్తరు. ఉత్త దెబ్బలకే ‘హాల్ ఆఫ్ మీట్’ అని వేరే శీర్షిక ఉంటది.

ఇంకోటి వినున్రి. జేమీ థామస్ అని ఉన్నడు. 1997ల జీరో అనే బోర్డుల కంపెనీ వీడియోల, శాన్ డియాగోల ఒక హైస్కూలు దగ్గర రెయిలింగు మీదికెల్లి కిందికి దూకిండు. ‘లీప్ ఆఫ్ ఫెయిత్’ అంటరు దాన్ని. దూకిండు గని బోర్డు మీద నిలవడి ముంగటికి పోలే. లెక్క ప్రకారం ఆ ట్రిక్కు కానట్టే. అయినా ఇయ్యాల్టికి దాని పేరెత్తితే స్కేటర్లు దండం పెడ్తరు. కాని పనికి ఇంత ఇజ్జత్ ఏ ఆటల ఉందో చెప్పున్రి. అటెంక ఒక్కరోజుల కిక్‌ఫ్లిప్ కొట్టినోనికి ఎందుకు లేదో మీకే సమజైతది.

యతిమైత్రి:
మీ లెక్క చూస్తే వేమన మరో పద్యం దగ్గరుంది. ‘కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా.’ ఏటిగట్టుగారు దీన్ని వదిలేసి పిరికివాడి వెంట ఎందుకు పడ్డారో. అల్పుడి ఆడంబరం, సజ్జనుడి చల్లని మాట. మీ యూట్యూబు కుర్రవాడు కంచు. అక్కడ ‘పల్కు’, ఇక్కడ ‘మ్రోగు’, మధ్యలో ‘చల్లగాను’ చూడండి. చల్లగా పలకడం అంటే మెల్లగా పలకడం కాదు. ఎదుటివాడి ఒళ్లు చల్లబడేలా పలకడం. ఆ ఒక్క మాటకోసం వేమన సమాధి ఉన్న కటారుపల్లి దాకా నడిచి వెళ్లొచ్చు.

గండిపేట:
సారూ, మా దాంట్ల మోగుడే కనకం! 1995ల సోనీ వీఎక్స్1000 అని ఒక కెమెరా వచ్చింది. ఇప్పుడు దానికన్న మంచి బొమ్మ ఫోనులనే వస్తది. అయినా పాతయి వెతికి కొనుక్కుంటరు స్కేటర్లు. సగం దానికి తగిలించే చేప కన్ను లెన్సు కోసం, సగం దాని మైకు కోసం. బోర్డు తోక నేలకు ‘టక్’మని కొట్టే సప్పుడు, చక్రాలు గరుకు సిమెంటు మీద గరగర ఉరికే సప్పుడు అండ్ల వినవడ్డట్టు యాడ వినవడది. యూట్యూబోళ్లు ఆ సప్పుడు మీద పాట ఏసి, నడుమ మాటలు ఏసి చంపుతరు. కంచు ఎవరో కనకం ఎవరో చెవులు మూసుకొని చెప్పలేం సారూ.

బ్రౌను బీరువా:
మైకును బట్టి లోహం మారిపోతుందన్నమాట. వేమన యోగి, లోహాల్ని మార్చే విద్య వెనక తిరిగాడని కథలున్నాయి కదా, ఇది విని ముచ్చటపడేవాడు.

కదిరి దారి:
మాది కటారుపల్లికి దగ్గరే. నడిచి వస్తానన్నారు, రండి మాష్టారూ, మజ్జిగ ఇస్తాం. ఇంతమంది మూడో పాదం పట్టుకుని పీకుతుండారే, రెండో పాదం ఎవరూ చూడలేదేం? మా అవ్వ ‘పొట్ట విప్పి’ అనేది కాదు, ‘పొట్ట విచ్చి’ అనేది. విప్పితే ఎవరో చెయ్యి పెట్టి తెరిచినట్లు. విచ్చితే కాలం వచ్చినప్పుడు తానే తెరుచుకున్నట్లు. పండు తానే విచ్చుకుని పురుగు చూపించిందంటే దాంట్లో మోసమేముండాది?

యతిమైత్రి:
వెనకే ‘చూడ’ ఉందిగా. విచ్చి చూడాలంటే విచ్చేవాడూ చూసేవాడూ ఒకడే కావాలి. పండు తానే విచ్చుకుని తన పొట్టలోకి తానే తొంగి చూసుకుంటుందా? మీ అవ్వ పాఠమే నిలిస్తే అక్కడ ‘విచ్చు’ను సకర్మకంగా తీసుకోవాలి, అప్పుడది ‘విప్పు’కి మారుపేరే. అవ్వ మీద గౌరవంతోనే అంటున్నాను.

కదిరి దారి:
అవ్వ ఉండుంటే మీకు మజ్జిగ కూడా ఇచ్చేది కాదు.

అత్తిచెట్టు:
నేను వృక్షశాస్త్రం చెప్పుకుని బతికేదాన్ని. మీ చర్చ మొత్తంలో పురుగుకే అన్యాయం జరిగింది, అందుకే వచ్చాను. మేడికి పువ్వు కనపడదంటారు కదా, పువ్వులన్నీ మనం కాయ అనుకునేదాని లోపలే ఉంటాయి. దాని కొనన సన్నని బెజ్జం ఉంటుంది. కందిరీగ జాతికి చెందిన, చీమకన్నా చిన్న ఆడ పురుగు ఒకటి ఆ బెజ్జంలోంచి దూరుతుంది. దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి. ఒంటికి అంటిన పుప్పొడి పువ్వులకి అంటించి, కొన్నిట్లో గుడ్లు పెట్టి, లోపలే చచ్చిపోతుంది. దాని పిల్లలే వేమనకి కనపడిన పురుగులు. ఆ పురుగు దూరకపోతే గింజ కట్టదు. కాయ చాలావరకు పండకుండానే రాలిపోతుంది.

అంచేత పురుగు మేడిపండుకి రోగం కాదు. ఆ పైమెరుపు వచ్చిందే పురుగు వల్ల. పద్యం అందంగానే ఉంది. పోలికే చెట్టుకి తెలియకుండా రాశారు.

మల్లెతీగ:
అయ్యో, ఇక నేను అత్తిపండు తినను.

ఏటిగట్టు:
అత్తిచెట్టుగారూ, మీ మాట మావాడికి వినిపిస్తే బోర్డు పక్కన పెట్టి మరీ విన్నాడు. తర్వాత మా ఇద్దరికీ వాదం. ‘అసలైన’ స్కేట్ వీడియో అంటూ వాళ్లు మొక్కే పాత క్యాసెట్లు ఏమిటి? 1984లో బోన్స్ బ్రిగేడ్ వీడియో తీసింది పావెల్ పెరాల్టా అనే బోర్డుల కంపెనీ. బోర్డులు అమ్ముకోవడానికే తీసింది. అంటే పొట్టలో వ్యాపారం అనే పురుగు మొదటినుంచీ ఉంది, ఆ పురుగే ఆ సంస్కృతిని పండించింది. ఇవాళ యూట్యూబులో నడిమధ్య ప్రకటన వేసుకునేవాణ్ణి మాత్రం పోజర్ అనడం ఏం న్యాయం? 2007లో స్టీవ్ బెర్రా, ఎరిక్ కాస్టన్ ‘ది బెరిక్స్’ పెట్టి ఇంటర్నెట్టులోనే వీడియోలు గుప్పిస్తే వాళ్లని ఎవరూ ఆ మాట అనలేదు, ఎందుకంటే ఇద్దరూ ముందే పేరున్న ప్రొఫెషనల్స్. కులం చూసి మాట్లాడినట్టుంది నాకు.

మావాడు ఊరుకోలేదు. ‘కంపెనీ వీడియోలో మూడు నిమిషాల భాగం కోసం ఏళ్లు తిరుగుతారు నాన్నా, వీళ్లు ప్రతి వారం పెట్టాలి, అల్గారిదమ్ అడుగుతుంది కాబట్టి పడింది దాస్తారు’ అన్నాడు. అక్కడ నాకు జవాబు దొరకలేదు. కానీ అదే పిల్లాడు మొదట ఆలీ (బోర్డుతో సహా పైకెగరడం) నేర్చుకున్నది బ్రెయిల్ స్కేట్‌బోర్డింగ్ చానల్లో ఏరన్ కైరో చెప్పిన పాఠాలు చూసే. చూసేవాళ్లు తయారుచేసి పంపిన వింత బోర్డులన్నీ తొక్కి చూపించే చానలే అది. పార్కులో పెద్ద కుర్రాళ్లు దాని పేరెత్తితే మూతి విరుస్తారట, అందుకని అక్కడ చెప్పడట!

గండిపేట:
గది అన్ని ఊర్లల్ల ఉన్నదే అన్నా. ఇప్పుడు అందరు మొక్కే టోనీ హాక్‌ను గూడ చిన్నప్పుడు సర్కస్ చేస్తుండు అని ఎక్కిరించిన్రు. సన్నగ ఉండెటోడు, బోర్డు చేతుల్తోని పట్టుకొని తిప్పెటోడు, పాత స్టైలోళ్లకు అది నకిలీ లెక్క అనిపించింది. అదే హాక్ 1999ల ఎక్స్ గేమ్స్‌ల 900, అంటే గాల్ల రెండున్నర చుట్లు, కొట్టిండు. అటెంక ఎవడన్న సర్కస్ అన్నడా?

యతిమైత్రి:
ఇప్పుడు చూడండి మల్లెతీగగారూ, ‘మదిని’ ఎందుకు నిలుస్తుందో. ఏటిగట్టుగారబ్బాయి నేర్చుకున్నది ఒకచోట, చెప్పుకునేది ఒకచోట. ఎవరూ అడగకముందే మనసులోనే ఒక మొహం తొడుక్కున్నాడు. బింకం ముందు మదిలోనే పుడుతుంది. నలుగురికీ చూపించడం తర్వాతి మాట. ‘మదికి’ అంటే బయటినుంచి పూసినట్టు అవుతుంది, ఈ సూక్ష్మం పోతుంది.

మల్లెతీగ:
మాష్టారూ, అది మీ వ్యాఖ్యానం బలం, పాఠం బలం కాదు. ఆ కుర్రాడిది బింకమే కాదు, భయం. మదిలో ఉన్నది భయం, చానల్ పేరు ఎత్తకపోవడం పైన బింకం. అంటే నేను మొదట చెప్పిందే! మీరు ఉదాహరణ ఇచ్చి నా వాదమే నెగ్గించారు.

ఏటిగట్టు:
మావాణ్ణి పిరికివాణ్ణి చేసేశారు ఇద్దరూ కలిసి. సరే, పోజర్‌కి మాట ఎవరైనా...

బ్రౌను బీరువా:
మాట సంగతి తర్వాత చూద్దాం. మా అమ్మమ్మ ఈ పాదాన్ని ‘పిరికివాని మదిని బింకమిట్లుండురా’ అనేది. ‘ఈలాగురా’ ఎప్పుడూ అనలేదు. గణాలు నేను చూసుకున్నాను, రెండు రగణాలూ అలాగే వస్తాయి. మాష్టారూ, దీని మాటేమిటి?

యతిమైత్రి:
కుదురుతుంది. కానీ ‘మిట్లుం’ దగ్గర నోరు కాస్త పట్టేస్తుంది. ‘మీలాగురా’ అన్నప్పుడు ఆ దీర్ఘం దగ్గర చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఒకసారి గట్టిగా చదివి చూడండి. మీ అమ్మమ్మగారిది ఏ ఊరో చెప్పండి ముందు.

కదిరి దారి:
ఆ! అవ్వల పాఠాలు ఇప్పుడు అడుగుతుండారు!