హోటల్ వ్యాన్ డ్రైవరుకి ఎంత ఇవ్వాలి? అసలివ్వాలా?

డల్లాస్ టు రాజోలు:
సంక్రాంతికి వచ్చాం. రాజమండ్రి దగ్గర మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగేసరికి దిండి వైపు ఒక రిసార్టు వాళ్ల వ్యాన్ సిద్ధంగా ఉంది. మేం నలుగురం, సూట్‌కేసులు ఏడు. పికప్ డబ్బులు రూము బిల్లులోనే కలిపేశారు. డ్రైవరు ఏడూ ఒక్కడే ఎక్కించాడు. దారిలో పిల్లకి వాంతులైతే రావులపాలెంలో ఆపి, తనే దిగి మందు తెచ్చాడు. దింపాక ఐదొందలు చేతిలో పెట్టాను. పక్కనే ఉన్న మా బావ మొహం మాడిపోయింది. "పది రోజులుండి రేట్లు పాడుచేసి పోతారు. ఆనక వాళ్లకి దొరికేది మేమే" అన్నాడు. అమెరికాలో హోటల్ షటిల్ ఎక్కితే బ్యాగుకి ఒకటో రెండో డాలర్లు ఇవ్వడం అలవాటు. ఆ లెక్కన నేనిచ్చింది తక్కువే. ఇక్కడి లెక్కేంటో చెప్పండి.

పాలకొల్లు బావ:
పేరు చూసి కంగారుపడకండి, ఆ బావని నేను కాదు. కానీ ఆయన మాటే నా మాట. అక్కడ టిప్పు మీద బతికే పనివాళ్లకి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలని కేంద్ర చట్టమే ఉంది. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మిగతాది వచ్చినవాడి జేబులోంచి లాగాలి. యజమాని ఇవ్వాల్సిన జీతం మనం ఇవ్వడమేంటండి? ఆ తెగులు ఇక్కడ అంటించకండి.

లెక్కల మేష్టారు:
2.13 అన్నది సగం మాటే. టిప్పులు కలిపినా గంటకి 7.25 డాలర్లకి చేరకపోతే ఆ తేడా యజమానే కట్టాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో యజమానికి అసలా వెసులుబాటే లేదు.
మన దగ్గర సంగతి కూడా తెలుసుకోండి. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జీ వాళ్లంతట వాళ్లు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే నిలబెట్టింది. కాబట్టి బిల్లులో ఆ పద్దు కనబడితే తీసేయమనండి. ఆ డబ్బు పనిచేసిన మనిషికే ఇవ్వండి.

ఎగువలంక:
ఇదేమన్నా కొత్తా? మా తాతయ్య కుప్ప నూర్చాక కళ్లంలోనే కమ్మరికి, వడ్రంగికి, బట్టలుతికే ఆవిడకి మేర గింజలు కొలిచేవారు. అది దయ కాదు, బాకీ. కొలత తగ్గితే నోరెత్తి అడిగేవారు. దానికి ఇంగ్లీషు పేరు పెట్టేసరికి మనకి చెయ్యి రావట్లేదు.

చీకటి దిబ్బ:
ఎగువలంక గారూ, ఆ కొలతకి అవతలి వైపు నిలబడ్డవాళ్ల మనవణ్ని నేను. నోరెత్తి అడిగేవారన్నారు. మా తాత తలకున్న తువ్వాలు నడుముకి చుట్టుకుని, గట్టు దిగి నిలబడేవాడు. తాలు కలిపి పోసినా దణ్ణం పెట్టి మూట కట్టుకునేవాడు. పెట్టేవాడికి బాకీలా ఉంటుందేమో గానీ పట్టుకునేవాడికి అలా ఉండదు. నేను టిప్పు ఇస్తాను. ఇచ్చేటప్పుడు మాత్రం మొహం చూసి నవ్వి ఇస్తాను, అటు తిరిగి చెయ్యి చాపను.

స్టీరింగ్:
నేను హోటల్ వ్యాన్ డ్రైవర్నండి. ఏ ఊరో చెప్పను, మా ఓనరు గారు కూడా ఇది చదువుతారేమో. అద్దె కారు డ్రైవరుకి రోజుకింత అని బత్తా ఉంటాదండి, అది బండి కట్టించుకున్నోరే ఇస్తారు. మాకు నెలజీతం, బత్తా ఉండదు. పొద్దున్న ఫ్లైటంటే మూడింటికి లేవాలి.
ఇంకో సంగతండి. సర్వరు దగ్గర బిల్లు సోంపు పళ్లెంలో వస్తాది, చిల్లర అందులోనే వదిలేస్తారు. నా దగ్గర బిల్లు ఉండదు, కౌంటర్లో ఉంటాది. గది ఊడ్చే ఆవిడైతే మీరెళ్లాకే వస్తాది, ఆవిడ మొహం కూడా చూడరు. పళ్లెం ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదండి, ఆయ్.
నోట్లు ఆడే రోజుల్లో ఇరవయ్యో యాభయ్యో వచ్చేయి. ఇప్పుడందరూ "క్యాష్ లేదయ్యా, అంతా ఫోన్‌పేనే" అంటారు. నా నంబరు చెప్తే అడుక్కున్నట్టుంటాది. సీటు వెనకాల క్యూఆర్ కాగితం అంటిస్తే మేనేజరు గారు పీకేశారు. ఐదొందలిచ్చినాయన రేటేమీ పాడుచెయ్యలేదండి. అందరి దగ్గరా అంత వస్తాదని ఎవడూ అనుకోడు.

కౌంటర్ వెనక:
నేనూ చిన్న లాడ్జి నడుపుతాను. క్యూఆర్ ఎందుకు పీకుతామో చెప్తాను. ఒకరు వ్యాన్‌లో అంటిస్తే మర్నాడు లిఫ్టులో ఇంకొకరు, తలుపు మీద మరొకరు. వచ్చినవాళ్లు "అడుగడుక్కీ చెయ్యి చాపుతున్నారు" అని ఒక్క స్టారు కొట్టి పోతారు. అందుకే మా దగ్గర అందరికీ కలిపి కౌంటర్లో ఒక డబ్బా పెట్టాం. వంటవాళ్లకి, తోటమాలికి కూడా వాటా వెళ్తుంది.

స్టీరింగ్:
డబ్బా తాళం ఎవరి దగ్గరుంటాదండి?

పాలకొల్లు బావ:
ఇదిగో, చివరికి జీతం దగ్గరికే వచ్చింది కదా. మూడింటికి లేపేది ఓనరు. ఆ బత్తా ఆయన్ని అడగాలి.

కాలవగట్టు:
బావగారూ, భోగి నాడు కోడిపందేల బరి దగ్గర డేగ పుంజు మీద పాతికవేలు పోగొట్టుకుని, మీసం తిప్పుకుంటూ వచ్చినవాళ్లని మా భీమవరంలో బోలెడుమందిని చూశాను. అదే మనిషి సాయంత్రం రూము బాయ్‌కి యాభై ఇవ్వమంటే ఆర్థికశాస్త్రం చెప్తాడు.

పాలకొల్లు బావ:
నేను పందేలకి వెళ్లనండి. వెళ్లినా కాకి మీద కాస్తాను.

సఖినేటిపల్లి ఆడపడుచు:
మగాళ్లు సిద్ధాంతాలు తేల్చేలోపు నా పద్ధతి చెప్తాను. బయల్దేరే ముందు బ్యాంకులో యాభై రూపాయల నోట్లు తెచ్చుకుంటాను. స్టేషన్ నుంచి దగ్గర దూరమైతే యాభై, సామాను మోస్తే వంద. మధురపూడి నుంచి కోనసీమ దాకా అంటే గంటల ప్రయాణం, రెండొందలకి తగ్గను. పండగ పూట అయితే ఇంకో వంద. మన పండక్కి వాళ్లు ఇంట్లో ఉండరు కదా. గది ఊడ్చే ఆవిడకి వెళ్లేరోజు కాకుండా రోజూ ఇస్తాను, ఎందుకంటే రేపు వేరే ఆవిడ రావచ్చు. దిండు కింద పెట్టకండి. మర్చిపోయారనుకుని పాపం కౌంటర్లో అప్పజెప్పేస్తారు. టేబుల్ మీద పెట్టి "మీకే అమ్మా" అని చీటీ రాయండి.
మా ఇంటికి ఏ బండి వచ్చినా డ్రైవరుకి ముందు విస్తరి వేస్తాం. తినకుండా పంపితే మా అత్తగారు వారం రోజులు దెప్పుతారు.

స్టీరింగ్:
మీ అత్తగారికి దణ్ణాలండి. భోజనం పెట్టినోళ్లని మర్చిపోం. పిల్లాడి స్కూలు ఫీజు మాత్రం భోజనం తీసుకోదండి.

చీకటి దిబ్బ:
ఎగువలంక గారు మళ్లీ కనబడలేదు.

ఎగువలంక:
ఉన్నాను. మా అమ్మని అడిగాను. గట్టు దిగి నిలబడేవారన్న మాట నిజమేనంది. మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు.

డల్లాస్ టు రాజోలు:
నిన్న తిరుగు ప్రయాణం. అదే వ్యాన్, డ్రైవరు మారాడు. పాతాయన్ని అడిగితే పండగ నుంచి ఇంటికి వెళ్లలేదని సెలవు పెట్టాడన్నారు. సఖినేటిపల్లి గారి లెక్కన మూడొందలు ఇచ్చాను. సూట్‌కేసులు ఈసారి సగం మేమే ఎక్కించాం. మా బావ ఎయిర్‌పోర్టు దాకా వచ్చి అదే వ్యాన్‌లో వెనక్కి వెళ్లాడు. ఆయనేం ఇచ్చాడో అడగలేదు.

పాలకొల్లు బావ:
ఏమీ ఇచ్చుండడు.

స్టీరింగ్:
రావులపాలెంలో టీ తాగించుంటారు లెండి, ఆయ్.