పుణె కోర్సా, కృష్ణానగర్ సెట్టా? తమ్ముడి విషయంలో సలహా కావాలి

గడియారం_సెంటర్ (నల్లగొండ):
మా తమ్ముడు ఇక్కడే బీకాం పూర్తి చేశాడు. మూడేళ్లుగా నాతోనే పెళ్లి షూట్లు చేస్తున్నాడు. ఇప్పుడు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంట్రన్స్ రాస్తానంటున్నాడు, సినిమాటోగ్రఫీకి. ఆ కోర్సు పనికొస్తుందా, తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ_డ్రోన్:
వద్దు తమ్మీ. స్టూడియో పెట్టి 18 ఏళ్లయింది, చూసే చెబుతున్నా. మొదట్లో మర్రిగూడ దగ్గర ఒక రిసెప్షన్ చేసిన. షట్టర్ 60 మీద పెట్టిన, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు సెకనులో అరవయ్యో వంతు తెరుచుకునేటట్టు. ఇంటికొచ్చి చూస్తే వీడియో నిండా నల్లటి గీతలు, పెళ్లికూతురి ముఖం మీదుగా కిందికి పాకుతున్నాయి. పెళ్లికూతురి నాన్న పెన్‌డ్రైవ్ తెచ్చి కౌంటర్ మీద విసిరేసిండు. ఆ రోజు నుంచి షట్టర్ 50 దాటలేదు. ఇది ఏ కాలేజీ నేర్పింది? హైదరాబాద్‌లో సినిమా పనోళ్లు ఉండే కృష్ణానగర్‌లో రూమ్ తీసుకొని ఎవరైనా కెమెరామన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరమను. మూడేళ్లలో నాలుగు సినిమాలకు పనిచేస్తడు.

మిర్యాలగూడ_మామ:
డ్రోన్ అన్న మాటే నా మాట.

ఫోకస్_పుల్లర్:
నేను పుణెలో చదవలేదు, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో చదివాను. అది 1995లో వచ్చింది, పుణెది 1960లో. రెండూ కేంద్ర ప్రభుత్వానివి. పుణెలో సినిమాటోగ్రఫీ మూడేళ్ల పీజీ కోర్సు, ఏ డిగ్రీ అయినా చాలు, బీకాం అడ్డు కాదు. సీట్లు మాత్రం చాలా తక్కువ. రాత పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. పేపర్ తెలుగులో ఉండదు, దానికి సిద్ధం కావాలి. బాహుబలికి కెమెరామన్‌గా చేసిన సెంథిల్ కుమార్ పుణెలో చదివినవారే. ఇంటర్ అయినవాళ్లకైతే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. అది వేరే దారి.

ఇక గీతల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 50 మీద ఉంటే ప్రతి ఫ్రేమ్‌లో సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, 60 మీద రెండో మిణుకు మధ్యలో తెగిపోతుంది. అన్నకు 50 అని తెలుసు, ఎందుకో తెలియదు. కోర్సు ఆ ఎందుకునే నేర్పుతుంది.

దేవరకొండ_డ్రోన్:
ఎందుకో తెలియకుండానే 18 ఏళ్లు తిన్నాం. 100 మీద పెట్టినా గీతలు రావు, అది కూడా తెలుసు మాకు.

ఫోకస్_పుల్లర్:
రావు, నిజమే. కానీ 100 మీద కదలిక గరుకుగా వస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 50 ఉంటేనే కంటికి సాఫీగా ఉంటుంది.

దేవరకొండ_డ్రోన్:
బారాత్‌లో డ్యాన్స్ చేసేటోళ్లు గరుకో సాఫీయో అడగరు.

పాలమూరు_పిల్ల:
కలర్ బ్లైండ్‌నెస్ ఉంటే పుణెలో తీసుకోరని విన్నాను, నిజమేనా?

ఫోకస్_పుల్లర్:
ఒకప్పుడు కొన్ని కోర్సులకు తీసుకునేవాళ్లు కాదు. ఎడిటింగ్ సీటు పోయిన ఒకతను కోర్టుకెళ్లాడు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని కోర్సులకూ తీసుకోవాలంది.

దేవరకొండ_డ్రోన్:
కోర్టు సీటు ఇప్పిస్తది, నిర్మాత పని ఇయ్యాలె కదా.

మిర్యాలగూడ_మామ:
తమ్ముడికి ఉన్నదా అది?

గడియారం_సెంటర్:
లేదు మామా. మనం ఎటో పోతున్నాం.

దేవరకొండ_డ్రోన్:
సరే, మా మేనల్లుడి సంగతి చెప్తా. ఎకరం అమ్మి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఫిల్మ్ స్కూల్‌లో చేర్పించినం. ప్లేస్‌మెంట్ అన్నరు. ఇప్పుడు బట్టల షాపుకు రీల్స్ ఎడిట్ చేస్తున్నడు. పుణె మాత్రం తక్కువా? 2015లో 139 రోజులు స్ట్రయిక్, క్లాసులే లేవు.

ఫోకస్_పుల్లర్:
అతను అడిగింది పుణె, మీరు చెప్పేది ప్రైవేటు కాలేజీ. ఆ స్ట్రయిక్ కూడా ఎప్పటి మాట? అసలు సంగతి నేను చెప్పనా? పిల్లలు చదువుకోవడానికి పోతే మీ షాపులో తక్కువ జీతానికి కెమెరా మోసేవాడు ఉండడు.

దేవరకొండ_డ్రోన్:
అవును, ఉండడు! ట్రైపాడ్ పట్టుకోవడం రానోడికి ట్రెడిషనల్, క్యాండిడ్, డ్రోన్ అన్నీ నేర్పిన. నేర్చుకున్న ప్రతివాడూ ఎదురు షాపు పెట్టిండు. నీ చదువుకు డబ్బులెవరిచ్చిండ్రో చెప్పు ముందు.

ఫోకస్_పుల్లర్:
మా బావ. చదువయ్యాక కూడా కృష్ణానగర్‌కే వచ్చాను. ఒక రూములో ఐదుగురం, నాలుగేళ్లు. సినిమా యూనియన్ కార్డు ఫీజు కూడా బావే కట్టాడు. కోర్సు చేస్తే వెంటనే పని దొరుకుతుందని నేను ఎక్కడా అనలేదు.

దేవరకొండ_డ్రోన్:
చివరికి చేరింది కృష్ణానగర్‌కే కదా. ఈ ముక్క మొదటి పోస్టులో పెట్టాల్సింది.

పాలమూరు_పిల్ల:
డ్రోన్ అన్నా, ఒక్కటి అడుగుతా. కృష్ణానగర్‌లో చేరమంటున్నారు, ఎవరి పేరు చెప్పుకొని చేరాలి? గత ఏడాది ఇద్దరు కెమెరామన్లను అడిగాను. ఒకరు 'బరువులు మోస్తావా అమ్మా' అన్నారు, ఇంకొకరు ఫోనే ఎత్తలేదు. మా నాన్న బొంబాయిలో మేస్త్రీ పని చేశాడు, సినిమావాళ్లెవరూ మాకు తెలియదు. పరీక్ష హాలులో నువ్వు ఎవరి మనిషివని అడగరు కదా. నాకు కోర్సు కావాల్సింది అందుకే, షట్టర్ 50 కోసం కాదు. కలర్ బ్లైండ్‌నెస్ అడిగింది కూడా నా కోసమే.

దేవరకొండ_డ్రోన్:
నువ్వు రాయమ్మా. నీ సంగతి వేరు.

ఫోకస్_పుల్లర్:
వేరేం కాదు. ఈ తమ్ముడికి మాత్రం ఎవరు తెలుసు?

గడియారం_సెంటర్:
నేను దాచిపెట్టింది చెప్పేస్తా. షాపుకు కొత్త కెమెరా కొందామని కొంత డబ్బు తీసిపెట్టాను. అది ఇస్తే కెమెరా లేదు. అదైనా సర్దుకుంటా. మాఘమాసంలో 14 పెళ్లిళ్లకు అడ్వాన్సులు తీసుకున్నా. వాడు పుస్తకాలు పట్టుకుంటే రెండో కెమెరా ఎవరు పట్టాలి? వాడి ముందు కోర్సు గురించి మాట్లాడుతున్నా కానీ నా టెన్షన్ అదే.

మిర్యాలగూడ_మామ:
ఇదా సంగతి.

గడియారం_సెంటర్:
రాత్రి వాడితో మాట్లాడిన, అప్లై చేయమన్నా. సీటు వస్తే డబ్బు సంగతి అప్పుడు చూద్దాం. పాలమూరు చెల్లీ, నువ్వూ రాయి. మాఘమాసానికి రెండో కెమెరా పట్టే పోరడు ఎవరైనా ఉంటే చెప్పండి, నల్లగొండలో ఉండాలి.

దేవరకొండ_డ్రోన్:
మాఘమాసంలో ఎవడూ దొరకడు తమ్మీ. నా దగ్గరే ఒకడు తక్కువున్నడు.