కొయోటీ తలకు 50 డాలర్లు: వేటతో సంఖ్య తగ్గుతుందా?

మందకాపరి:
అమెరికాలోని యూటా రాష్ట్రం 2012లో మ్యూల్ డీర్ జింకల రక్షణ పేరుతో చట్టం తెచ్చి, కొయోటీని చంపినవాళ్లకు తలకు 50 డాలర్లు ఇస్తోంది. రెండు చెవులూ ఉన్న నెత్తితోలు, కింది దవడ చూపించాలి. (కొయోటీ మన గుంటనక్క కంటే కాస్త పెద్దది, తోడేలు కంటే చిన్నది.) దీన్ని దండగ అంటున్నవాళ్లు గొర్రెల మందల వైపు చూడటం లేదు. తుపాకీ తప్ప వేరే దారేది?

లెక్కలపుస్తకం:
తుపాకీతో సంఖ్య తగ్గుతుందా అన్నదే కదండీ ప్రశ్న. 1975లో కాలిఫోర్నియాలో కానలీ, లాంగ్‌హర్స్ట్ అనే పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం ఏటా 70 శాతం దాకా చంపినా కొయోటీలు తట్టుకుంటాయి. 75 శాతం చొప్పున చంపుకుంటూ పోతే తుడిచిపెట్టడానికి 50 ఏళ్లు దాటుతుంది. పంటలకు, పశువులకు నష్టం చేసే జంతువులను అదుపు చేసే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ విభాగం వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఒక్కటే ఏటా సుమారు 60 వేల కొయోటీలను చంపుతోంది. అయినా పడమటి మైదానాల జంతువు ఇప్పుడు అట్లాంటిక్ తీరం దాకా ఉంది. జాగా ఖాళీ కాగానే సొంత హద్దుల్లేని తిరుగుబోతు కొయోటీలు వచ్చి చేరతాయి. తిండికి పోటీ తగ్గితే ఏడాది వయసు ఆడవి కూడా ఈనుతాయి, పుట్టిన పిల్లలూ ఎక్కువ బతుకుతాయి. అలాగని "చంపితే రెట్టింపవుతాయి" అనే ప్రచారాన్నీ నమ్మకండి. ఖాళీని పూడ్చుకుంటాయి, అంతవరకే.

మందకాపరి:
ఏడాదంతా సంఖ్య తగ్గాలని గొర్రెలవాడు అడగడం లేదు సార్. వేసవిలో మంద కొండ మేతకు ఎక్కినప్పుడు గొర్రెపిల్లలు దక్కితే చాలు. దానికి ముందు చలికాలంలో, మంచు మీద అడుగులు కనిపించే రోజుల్లో, హెలికాప్టర్ నుంచో చిన్న విమానం నుంచో కొయోటీలను తుపాకీతో కాలుస్తారు. యూటా, ఇడాహోల్లో వాగ్నర్, కోనోవర్ అనే పరిశోధకులు పోల్చి చూస్తే (1999లో అచ్చయింది) అలా కొయోటీలను కాల్చిన మేతభూముల్లో గొర్రెపిల్లల నష్టం తక్కువగా తేలింది. దానికేమంటారు?

పొదచాటు:
అది నిజమే. కానీ అది ఫలానా చోట, ఫలానా నెలల్లో చేసిన పని. 50 డాలర్ల పథకం అలాంటిది కాదు. గొర్రెల్ని ఎక్కువగా చంపేది హద్దు కట్టుకుని, కూనల్ని సాకుతున్న జంట. ఏప్రిల్, మే నెలల్లో కూనలు పుట్టాక వాటికి మాంసం కావాలి, అప్పుడే గొర్రెపిల్లల మీద పడతాయి. బహుమతి కోసం వెళ్లేవాడు కొయోటీని రప్పించడానికి గాయపడ్డ కుందేలు అరుపు మోగించి కూర్చుంటాడు. దానికి తేలిగ్గా దొరికేవి ఆ ఏటి కొయోటీ కూనలు, తిరుగుబోతులు. ముదురు జంట గాలివాటు తిరిగి, మనిషి వాసన పట్టి వెనక్కి పోతుంది. గురి ఒకసారి తప్పితే ఆ అరుపుకు మళ్లీ రాదు.

అసలు చంపింది ఎవరో ముందు తేల్చండి. చచ్చిన పిల్ల మెడ తోలు ఒలిచి చూడాలి. కొయోటీ సాధారణంగా దవడ కింద గొంతు పడుతుంది. పంటి గాట్ల చుట్టూ తోలు కింద నెత్తురు గడ్డకట్టి ఉంటే బతికుండగా పట్టినట్టు. గాట్లున్నా నెత్తురు కమిలిన జాడ లేకపోతే, అప్పటికే చచ్చినదాన్ని తిన్నట్టు. తొడలు, డొక్కలు, చెవులు ఎక్కడపడితే అక్కడ చీరేసి తినకుండా వదిలేస్తే ఊరకుక్కల పని. ఈ పరీక్ష లేకుండా నింద మోపితే మీ మంద దగ్గరి గొంతులు పట్టే జంట అలాగే ఉంటుంది.

జింకలబాట:
చట్టం పేరు జింకలది కాబట్టి ఒక మాట. ఆగ్నేయ ఇడాహోలో ఏళ్ల తరబడి కొయోటీలను తీసేసి చూస్తే (హర్లీ బృందం, 2011) మ్యూల్ డీర్ సంఖ్య పెరగలేదు. చలి, మేత నిర్ణయించే చోట కొయోటీ పాత్ర చిన్నది. పైగా కుందేళ్లు, ఎలుకలు బాగా ఉన్న ఏడాదిలో కొయోటీలు జింకపిల్లల జోలికి తక్కువగా వస్తాయి.

లెక్కలపుస్తకం:
పోటీ వేట సంగతి వేరే. బహుమతులు పెట్టి కొయోటీలను చంపించే పోటీలను మొదట నిషేధించింది కాలిఫోర్నియా, 2014లో. తర్వాత న్యూమెక్సికో, కొలరాడో లాంటివి అదే దారి పట్టాయి.

కంచెపని:
చంపకుండా కాచుకునే పద్ధతుల్లోనూ తప్పులు జరుగుతాయి, అవీ చెప్పుకోవాలి. అయిదున్నర అడుగుల వల కంచె వేసి, కింద ఆరు అంగుళాల సందు వదిలితే దండగే. కొయోటీ దూకడం కంటే దూరడానికే చూస్తుంది. అందుకే అడుగున వలను బయటివైపు నేల మీద పరిచి మేకులు కొట్టాలి. కరెంటు తీగకు గడ్డి తగిలితే షాక్ చచ్చిపోతుంది, కాబట్టి కోస్తూనే ఉండాలి.

గ్రేట్ పైరినీస్, అక్బాష్ లాంటి కాపలా కుక్కను ఏడెనిమిది వారాల కూనగానే గొర్రెల మధ్య పెట్టాలి. ఇంట్లో ముద్దు చేస్తే మందను వదిలి గుమ్మం దగ్గర పడుంటుంది. ఒకటిన్నర, రెండేళ్లు వచ్చేదాకా ఆటకు గొర్రెపిల్లల్ని తరిమి చంపే ప్రమాదమూ ఉంది. కాలిఫోర్నియా మరిన్ కౌంటీ 2000లో ఫెడరల్ వేటగాళ్ల ఒప్పందం వదులుకుని, కంచెలకూ కుక్కలకూ రైతులకు సాయం మొదలుపెట్టింది.

మందకాపరి:
మరిన్ మేతలు చిన్నవి, కంచె ఉన్నవి. వెయ్యి తల్లిగొర్రెల మంద కొండ మీద మైళ్ల కొద్దీ తిరుగుతుంటే కంచె ఎవరేస్తారు? అక్కడ కాపరి, రెండు మూడు కుక్కలు, చలికాలపు విమానం, మూడూ కావాల్సిందే.

పొదచాటు:
ఆ మూడింటికీ నాకు అభ్యంతరం లేదు. ఆ 50 డాలర్లు మీ విమానం పెట్రోలుకు ఇవ్వమనే నేనంటున్నది.