ట్రౌట్ లెక్కన మేత వేస్తే జిలేబీ (తిలాపియా) చేపలు 70 రోజుల్లో 18 గ్రాములే అయ్యాయి, తప్పెక్కడ?

మేడమీద_మడి (హన్మకొండ):

అందరికీ నమస్తే. మేడ మీద చిన్న ఆక్వాపోనిక్స్ పెట్టుకున్నా, అంటే చేపల ట్యాంకు నీళ్లతోనే మొక్కలు పెంచడం. వెయ్యి లీటర్ల తెల్ల ఐబీసీ ట్యాంకు (చుట్టూ ఇనుప చట్రం ఉండే ప్లాస్టిక్‌ది), నీళ్లు 800 లీటర్ల దాకా ఉంటాయి. పక్కన నాలుగడుగులకు మూడడుగుల కంకర మడి ఒకటి, అడుగు లోతు. అందులో పాలకూర, గోంగూర, రెండు టమాట మొక్కలు ఉన్నాయి. సెప్టెంబర్ మొదట్లో 10 గ్రాముల జిలేబీ పిల్లలు 60 వేశా. మూడు చచ్చిపోయాయి, 57 ఉన్నాయి.

మా పెద్దనాన్న కొడుకు అమెరికాలో గ్యారేజీలో రెయిన్‌బో ట్రౌట్ పెంచుతాడు. ఆయన వాడే చార్టు పంపితే అందులో ఉన్నట్టే రోజుకి చేపల బరువులో ఒకటిన్నర శాతం వేస్తున్నా, అంటే 600 గ్రాములకి 9 గ్రాములు, వంటింటి చిన్న కాటా మీద తూచి మరీ వేస్తున్నా, ఒక్క రోజు కూడా తప్పలేదు. మొన్న ఆదివారం పది చేపలు పట్టి తూస్తే సగటున 18 గ్రాములు వచ్చింది. ఆయన ట్రౌట్ అంత చల్లటి నీళ్లలో ఉండి కూడా బాగా ఎదుగుతున్నాయి, నావేమో వేలెడు దాటలేదు. మిరుగం (మృగశిర కార్తె, జూన్) నాటికి ఇంట్లో పెంచిన చేపలే వండుదామని అమ్మకు మాటిచ్చా, ఇప్పుడు అదొక టెన్షన్.

ఇంకో డౌటు. ఎలాగూ చలికాలం వస్తోంది కాబట్టి ఫిబ్రవరి దాకా ఇదే ట్యాంకులో ట్రౌట్ వేస్తే అయ్యే పనేనా? నవ్వకండి.

కాకతీయ_కాలువ (కరీంనగర్):

నవ్వను గానీ తమ్మీ, నువ్వు 70 రోజులు చేపల్ని ఉపవాసం పెట్టావు.

మొత్తం వేసిన మేత 630 గ్రాములు. పెరిగిన బరువు, పోయినవాటిని వదిలేసి చూస్తే, 57 చేపలకి ఎనిమిదేసి గ్రాములు, అంటే 456. కిలో బరువు పెరగడానికి కిలో 400 గ్రాముల మేత పట్టినట్టు. జిలేబీకి అది చాలా మంచి లెక్క, మామూలుగా ఒకటిన్నర నుంచి 1.8 దాకా పడుతుంది. అంటే చేపల్లో రోగం లేదు, వేసింది వేసినట్టు ఒంటికి పట్టించుకున్నాయి. నువ్వు వేయలేదు, అంతే.

ఆ చార్టు అబద్ధం కాదు, కాకపోతే అది నీ చేపది కాదు, నీ నీళ్లదీ కాదు. ట్రౌట్‌కి 12 నుంచి 16 డిగ్రీలు హాయి. ఆ చలిలో ఒంటి ఖర్చు తక్కువ, పైగా దాని మేతలో మాంసకృత్తులు 40-45 శాతం, కొవ్వు కూడా ఎక్కువే, అందుకే కాస్త పెద్దదైన ట్రౌట్‌కి ఒకటిన్నర శాతం సరిపోతుంది. ఆ లెక్క కూడా చిన్న పిల్లలకి కాదు, చార్టులో పై వరుస చూస్తే పిల్లలకి ఇంతకు రెండింతలు రాసి ఉంటుంది. మన జిలేబీ 27-30 డిగ్రీల్లో ఉంటుంది, మేత 28 లేదా 32 శాతంది. 10 గ్రాముల పిల్లకి రోజుకి బరువులో 6 శాతం దాకా, 50 గ్రాములప్పుడు 4, వంద గ్రాములప్పుడు 3, పావుకిలో దగ్గర 2 శాతం. ఇదొక అందాజా మాత్రమే, నీళ్ల వేడిని బట్టి మారుతుంది.

రెండో తప్పు, మొదటి రోజు తూచిన 600 గ్రాముల మీదే ఇప్పటిదాకా లెక్క కట్టావు. చేప పెరిగితే మేత పెరగాలి కదా. పదిహేను రోజులకోసారి పది పదిహేను చేపల్ని నీళ్ల బకెట్‌లో వేసి తూచు, బకెట్ బరువు ముందే చూసుకో, పొడిగా కాటా మీద పెట్టకు. తూచే రోజు పొద్దున మేత వేయకు.

సెప్టెంబర్, అక్టోబర్ మంచి నెలలు, అవి పోయాయి. ట్రౌట్ సంగతి ఇంకెవరైనా చెప్తారు.

ఉట్నూర్_చలి:

ట్రౌట్ సంగతి నేను చెప్తా. ఆదిలాబాద్ వైపు చలికి మాకు పేరుంది, పొద్దున మంట ముందు నుంచి లేవబుద్ధి కాదు, అయినా ట్రౌట్ మాక్కూడా కుదరదు. గాలి ఒకరాత్రి పది కిందికి పోయినంత మాత్రాన సరిపోదు, మధ్యాహ్నం ఎండకి మేడ మీది ట్యాంకులో నీళ్లు మళ్లీ 23-24 దాకా వస్తాయి. ట్రౌట్ 20 దాటితే మేత తగ్గిస్తుంది, 25 దగ్గర చచ్చిపోతుంది. పైగా నీ కంకర మడి ఉంది చూడు, పంపు గంటగంటకీ నీళ్లను ఎండకి కాగిన రాళ్ల మీదుగా తిప్పుతుంది, అంటే వద్దన్నా హీటరు పెట్టుకున్నట్టే.

పెరుగుదల చూసినా లాభం లేదు. కశ్మీర్‌లో, హిమాచల్‌లో వాగునీళ్లు పారే తొట్లలోనే పావుకిలో కావడానికి ఏడాది పైన పడుతుంది. నీ దగ్గర ఉన్నది మూడు నెలలు. చిల్లర్ పెడతానంటావా, 800 లీటర్లని 30 నుంచి 15కి ఒక్కసారి దించడానికే 14 యూనిట్ల వేడి బయటికి లాగాలి, మంచి మెషీన్ అయినా నాలుగైదు యూనిట్ల కరెంటు తింటుంది, ఆపైన ఏప్రిల్ ఎండలో రోజంతా అదే పని. హైదరాబాద్ పక్కన కందుకూరులో నీళ్లు చల్లబరిచి ట్రౌట్ పెంచుతున్నారు నిజమే, అది పెద్ద పెట్టుబడి వ్యవహారం, మేడ మీద పాలకూర కోసం చేసేది కాదు.

మేడమీద_మడి (హన్మకొండ):

సరే, ట్రౌట్ మాట మర్చిపోయా. కాలువ అన్నా, చేపలు ఇప్పుడు మొత్తం కిలో దాకా ఉన్నాయి. 5 శాతం అంటే 50 గ్రాములు, రేపటి నుంచే వేసెయ్యనా? కిట్‌తో చూస్తే పీహెచ్ 8.2, మాది బోరు నీళ్లు. అమోనియా లీటరుకి పావు మిల్లీగ్రాము చూపిస్తోంది. నీళ్లు పొద్దున 22, మధ్యాహ్నం 26.

కాకతీయ_కాలువ (కరీంనగర్):

ఆగాగు. రేపు 50 వేస్తే ఎల్లుండికి చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు మింగుతుంటాయి.

32 శాతం మేత కిలో వేస్తే సుమారు 30 గ్రాముల అమోనియా నీళ్లలోకి వస్తుంది. 50 గ్రాములకి ఒకటిన్నర గ్రాము, నీ 800 లీటర్లలో అది లీటరుకి 1.8 మిల్లీగ్రాములు, ఒక్క రోజుకే. మడిలో అమోనియాని మొక్కల ఎరువుగా మార్చే బ్యాక్టీరియా ఇప్పటిదాకా 9 గ్రాముల మేతకి అలవాటుపడి ఉంది, ఒక్కసారిగా అయిదింతలు మోయలేదు. పైగా నీ పీహెచ్ ఎక్కువ. పీహెచ్ 8, నీళ్లు 30 డిగ్రీలు ఉంటే అమోనియాలో 7 శాతం దాకా విషపు రూపంలో ఉంటుంది, అదే పీహెచ్ 7 అయితే ఒక శాతం కూడా ఉండదు. అందుకని 9 నుంచి 14కి పో, నాలుగైదు రోజులు చూడు, కిట్‌లో అమోనియా, నైట్రైట్ (అమోనియా మారేటప్పుడు మధ్యలో వచ్చే ఇంకో విషం) పెరగకపోతే 18, ఆ తర్వాత 22. పెరిగిందా, ఆ రోజు మేత బంద్. చేపకి రెండు రోజుల ఆకలి ఏం కాదు, రెండు గంటలు గాలి లేకపోతేనే పోతుంది. నీ కంకర మీద కొంచెం వెనిగర్ పోసి చూడు, బుసబుస పొంగిందంటే అందులో సున్నపురాయి ఉన్నట్టు, పీహెచ్ ఎన్నాళ్లకీ దిగదు.

ఇక అసలు విషయం, నీకు నచ్చదు. చేప ఎంత తింటుందన్నది కాదు, నీ మడి ఎంత మోస్తుందన్నదే మేత లెక్క. ఆకుకూరల మడి చదరపు మీటరుకి రోజుకి 40-50 గ్రాముల మేత మోస్తుంది. నీ మడి మీటరు కంటే కొంచెం ఎక్కువ, అంటే 50 గ్రాములు, గట్టిగా లాగితే 55. వేసవికి 57 చేపలూ 200 గ్రాములు అయ్యాయనుకో, పదకొండున్నర కిలోలు, 2 శాతం చొప్పున 230 గ్రాముల మేత కావాలి. నాలుగు మడులు ఉంటే తప్ప కుదరదు. ఉన్న ఒక్క మడికి ఆ సైజు చేపలు పన్నెండు, పదమూడు. మడులన్నా పెంచు, చేపలన్నా తగ్గించు. దయచేసి మిగిలినవి వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదలకు, అవి అక్కడ పిల్లలు పెట్టి చెరువంతా నిండుతాయి.

నర్సంపేట_అక్క:

లెక్కలు అన్నయ్యలు చెప్పారు, నేను మేత సంచి గురించి అడుగుతా. గింజ సైజెంత? మా దగ్గర ఒక షాపాయన పది గ్రాముల పిల్లలకి 4 మిల్లీమీటర్ల గింజ అంటగట్టాడు, అవి నోట్లో పెట్టుకుని ఉమ్మేసేవి, పెద్దవి మాత్రం లాక్కుని తినేవి, నెలకి చూస్తే ఒకటి బొటనవేలంత, ఒకటి అరచేయంత. ఈ సైజుకి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గింజ కావాలి. పెద్ద గింజే ఉంటే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి జల్లెడ పట్టు, పొడి మాత్రం నీళ్లలో వెయ్యకు, అది మురిగిపోతుంది.

ఇంకోటి, డిసెంబర్ వస్తే పొద్దున ఏడింటికి మేత వెయ్యకు తమ్ముడూ. నీళ్లు కొంచెం వేడెక్కాక పన్నెండు నుంచి మూడు మధ్యలో, పది నిమిషాల్లో అయిపోయేంత. మిగిలింది జల్లెడతో తీసెయ్. 20 కిందికి పోతే బరువులో ఒక శాతం చాలు, 16 దగ్గర అసలు ముట్టవు. ఆ రోజుల్లో చార్టు చూసి మేత వేస్తే అది చేపకి కాదు, బురదకి వేసినట్టు. ఫిబ్రవరి సగం దాటాక చూడు, పరుగెడతాయి. ఏప్రిల్‌లో మాత్రం ట్యాంకు మీద గ్రీన్ నెట్ కట్టు, గాలి పంపుకి బ్యాటరీ పెట్టు. 15 డిగ్రీల నీళ్లలో లీటరుకి 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే పడుతుంది, అప్పుడే చేపలు ఎక్కువ తింటాయి, అప్పుడే కరెంటు పోతుంది.

మేడమీద_మడి (హన్మకొండ):

మూడు వారాల తర్వాత రాస్తున్నా. అక్కా, నువ్వన్నట్టే గింజ పెద్దదే, మిక్సీలో వేస్తున్నా, అమ్మ ఆ జార్ నాకే వదిలేసి కొత్తది కొనుక్కుంది. వెనిగర్ పోస్తే కంకర పొంగలేదు, పీహెచ్ 7.8కి దిగింది. మేత మెల్లగా 22 దాకా తెచ్చా, మధ్యలో ఒకసారి నైట్రైట్ పెరిగితే రెండు రోజులు ఆపేశా. కాజీపేటలో ఒక ఫ్రెండ్‌కి టార్పాలిన్ తొట్టి ఉంది, 25 చేపలు వాడికిచ్చా. రెండో మడికి ఇటుకలు తెచ్చి పెట్టా, సంక్రాంతి సెలవుల్లో కడతా.

నిన్న తూకం 26 గ్రాములు. ఈ పొద్దున నీళ్లు 19 ఉన్నాయి, మధ్యాహ్నం దాకా ఆగి 8 గ్రాములు వేశా. మిరుగానికి ఎన్ని చేపలు వస్తాయని అమ్మ అడిగితే పన్నెండు అన్నా. ఇంట్లో మనం ఏడుగురం కదా అంటోంది.